16 పోర్టుల సీరియల్ కార్డు: బ్యాకప్ మొదలైతే అక్షరాలు మాయం

ఆకుపచ్చతెర
మూడు వారాలుగా ఇదే తలనొప్పి. 486 డీఎక్స్2 మెషీను, 66 మెగాహెర్ట్జ్, 16 ఎంబీ మెమరీ, లినక్స్ 2.2 కెర్నల్. ఐఎస్‌ఏ స్లాటులో 16 పోర్టుల సీరియల్ కార్డు ఉంది. దానికి 11 టెర్మినళ్ళు (తెర, కీబోర్డు మాత్రమే ఉండే పెట్టెలు) తగిలించాను. అన్నీ వీటీ220 రకం, అన్నీ 9600 బాడ్.

మామూలుగా బాగానే నడుస్తుంది. బ్యాకప్ మొదలైతే మాత్రం వీఐ ఎడిటరులో బాణం కీ నొక్కినవాళ్ళకి కర్సర్ కదలదు. పైన ఖాళీ లైను ఒకటి తెరుచుకుని అందులో ఏ అనో బీ అనో ఇంగ్లీషు పెద్ద అక్షరం పడుతోంది. నిన్న ఒకాయన రెండు గంటలు కూర్చుని కొట్టిన ఫైలు ఇలాగే చెడిపోయింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇంకో బాధ కూడా ఉంది. ఐదారుగురు ఒకేసారి పెద్ద ఫైళ్ళు తెరమీదకి తెప్పించుకుంటే, మిగతా అందరికీ కొట్టిన అక్షరం కనబడటానికి అర సెకను పడుతోంది. కేబుళ్ళు మార్చాను, టెర్మినళ్ళు అటూ ఇటూ మార్చాను, కార్డును వేరే స్లాటులో పెట్టి చూశాను. స్పీడు 38400కి పెంచాలా, అసలు కార్డే మార్చాలా?

చిప్పులవేట
కార్డు మీద పెద్ద చిప్పుల నంబర్లు చదివి ఇక్కడ పెట్టండి. మిగతా మాటలన్నీ ఆ తర్వాతే.

తుర్రుపిట్ట
38400 పెట్టేయండి. కార్డు తట్టుకుంటుందని డబ్బా మీదే రాసి ఉంటుంది. 9600తో ఈ రోజుల్లో ఎవరు పని చేస్తారు?

పోర్టు16
తుర్రుపిట్ట గారూ, ఆ పని చేస్తే ఇప్పటికంటే ఎక్కువ అక్షరాలు పోతాయి. ఒక్కసారి లెక్క చూద్దాం.

ఒక్కో అక్షరానికి స్టార్ట్ బిట్, 8 డేటా బిట్లు, స్టాప్ బిట్ కలిపి 10 బిట్లు. 9600 బాడ్ అంటే సెకనుకు 960 అక్షరాలు. రెండు అక్షరాల మధ్య ఉన్న టైము 1.04 మిల్లీసెకన్లు. ఫైఫో (అక్షరాలు వరసగా దాచుకునే చిన్న మెమరీ) లేని చిప్పులో వచ్చిన అక్షరం దాచుకోవడానికి ఒక్క గదే ఉంటుంది. దాని వెనక అక్షరం పూర్తిగా వచ్చేలోపు సీపీయూ దాన్ని తీసుకుపోవాలి, లేదంటే పాతది చెరిగిపోతుంది. అంటే సీపీయూకి ఉన్న గడువు ఒక మిల్లీసెకను. 38400 పెడితే ఆ గడువు 0.26 మిల్లీసెకన్లకు పడిపోతుంది. ఇప్పుడే అందుకోలేకపోతున్న మనిషిని నాలుగింతలు తొందరపెట్టినట్టు అవుతుంది.

ఇక బయటికి పంపేవైపు. ఫైఫో లేకపోతే ప్రతి అక్షరానికీ ఒక ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపి తన సంగతి చూడమని సీపీయూకి ఒక పిలుపు. 11 పోర్టులూ నిండుగా పారితే సెకనుకు 10,560 ఇంటరప్టులు. ఒక్కోదానికి 50 మైక్రోసెకన్లు పడుతుందని అనుకుందాం. 486లో 30 కావచ్చు, కెర్నల్‌ని బట్టి 70 కావచ్చు, లెక్క కోసం 50 అంటున్నాను. సెకనులో సగం పైగా సీపీయూ ఆ పనిలోనే ఉంటుంది. 38400 దగ్గర అదే లెక్క వేస్తే ఒక సెకనులో రెండు సెకన్ల పైన పని చేయాలి. అది జరిగే పని కాదు.

స్పీడు పెంచితే ఒక్క లాభం మాత్రం నిజం. 80 × 24 తెర నిండడానికి 1920 అక్షరాలు కావాలి. 9600లో రెండు సెకన్లు, 19200లో ఒక సెకను. కానీ మీ వాళ్ళ బాధ తెర నిండడం గురించి కాదు కదా.

ఆకుపచ్చతెర
టార్చిలైటు వేసి చూశాను. చదరంగా ఉన్న చిప్పులు నాలుగు, నాలుగూ సాకెట్లలోనే ఉన్నాయి. అన్నిటి మీదా 16సీ454 అని ఉంది.

చిప్పులవేట
ఇక చెప్పేది ఏముంది. 454 అంటే నాలుగు 16450లు ఒకే చిప్పులో కూర్చినట్టు. ఫైఫో లేదు. దాని అన్న 16సీ554, అంటే నాలుగు 16550లు. ఒక్కో పోర్టుకి వచ్చేవైపు 16 బైట్లు, పోయేవైపు 16 బైట్లు ఫైఫో ఉంటుంది. రెండిటికీ పిన్నులు ఒకటే. మీ అదృష్టం కొద్దీ సాకెట్లు ఉన్నాయి, పీకి పెట్టడమే. చదరపు చిప్పులు పీకడానికి రెండు మూలలా పట్టుకునే ప్రత్యేకమైన పటకారు ఉంటుంది, అది వాడండి. స్క్రూడ్రైవరుతో తిప్పితే సాకెట్ మూల విరుగుతుంది.

ఇంకొకటి, ఈ చర్చ చదివే మిగతావాళ్ళ కోసం. ఒక్కో పోర్టుకి విడివిడిగా చిప్పులున్న కార్డు అయితే నంబరు చివర ఇంగ్లీషు 'ఏ' (A) ఉందో లేదో చూసుకోండి. మొదట వచ్చిన 16550లో ఫైఫో సరిగ్గా పని చేయదు. 16550ఏ నుంచే దాన్ని నమ్మవచ్చు.

రాత్రిడ్యూటీ
చిప్పులు పీకే తిప్పలు ఎందుకు? సొంత ప్రాసెసరు ఉన్న కార్డు తెచ్చుకోండి. డిజిబోర్డు, స్టాలియన్, కంప్యూటోన్, చేజ్... ఈ పేర్లన్నీ అందుకే పుట్టాయి. కొన్నింటిలో 80186 ప్రాసెసరే కూర్చుని ఉండేది. అక్షరం అక్షరానికీ వచ్చే ఇంటరప్ట్ ఆ కార్డు మీదే ఆగిపోతుంది. రెండువైపుల నుంచీ అందే మెమరీలో ఒక గుత్తి అక్షరాలు పెడితే మన సీపీయూ ఒక్క ఊపులో కాపీ చేసుకుంటుంది. నేను 24 టెర్మినళ్ళను ఒకే 386 మీద ఆరేళ్ళు నడిపాను. మామూలు కార్డుతో అది కలలో కూడా జరిగేది కాదు.

మూడుతీగలు
రాత్రిడ్యూటీ అన్నా, మీ 24 టెర్మినళ్ళలో వీఐ వాడేవాళ్ళు ఎంతమంది? ఫారాలు నింపే పనికి ఆ కార్డులు బంగారం, ఒప్పుకుంటాను. కానీ నా దగ్గర ఉన్న ఒక కార్డు (పేరు వద్దు) వచ్చిన అక్షరాలను కొంతసేపు తన దగ్గరే పెట్టుకుని తర్వాత ఇచ్చేది. బాణం కీ నొక్కితే టెర్మినల్ ఎస్కేప్, ఓ, ఏ (లేదా బీ) లాంటి మూడు అక్షరాలు పంపుతుంది. ఒక్కోసారి ఎస్కేప్ అక్షరం ముందు వచ్చి, దాని వెనక రావలసిన రెండూ ఆలస్యంగా వచ్చేవి. వీఐ కొద్దిసేపు చూసి, ఇది ఒంటరి ఎస్కేప్ కాబోలు అనుకునేది. తర్వాత వచ్చిన ఓ అనే అక్షరాన్ని 'పైన లైను తెరువు' అనే ఆజ్ఞగా తీసుకునేది. ఆకుపచ్చతెర గారికి కనబడుతున్న లక్షణం అచ్చం ఇదే!

అక్షరం పోయినా ఇదే జరుగుతుంది, అక్షరం ఆలస్యమైనా ఇదే జరుగుతుంది. ముందు ఏదో తేల్చుకోండి. ప్రాక్ డైరెక్టరీలో టీటీవై డ్రైవర్ల కింద సీరియల్ అనే ఫైలు ఉంటుంది (/proc/tty/driver/serial). ప్రతి పోర్టు ఎదురుగా ఓఈ అని ఒక లెక్క కనబడుతుంది, అది ఓవర్‌రన్, అంటే సీపీయూ తీసుకునేలోపు చెరిగిపోయిన అక్షరాల లెక్క. బ్యాకప్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూడండి.

ఆకుపచ్చతెర
చూశాను. బ్యాకప్‌కి ముందు దాదాపు అన్ని పోర్టులకీ సున్నా. తర్వాత ఎవరెవరు టైపు చేస్తున్నారో వాళ్ళ పోర్టులన్నిటికీ పెరిగింది. ఎఫ్ఈ అనేది మాత్రం ఎక్కడా కదల్లేదు.

మూడుతీగలు
అయితే అక్షరాలు నిజంగానే పోతున్నాయి. నా అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను. ఎఫ్ఈ అంటే ఫ్రేమింగ్ ఎర్రర్, బిట్లు చెడి వచ్చిన అక్షరాల లెక్క. అది కదల్లేదంటే కేబుళ్ళు, బాడ్ సెట్టింగు బాగానే ఉన్నట్టు. మీరు కేబుళ్ళు మార్చి పడ్డ శ్రమ వృథా అయిందని మాత్రం బాధగా ఉంది.

డిస్కుకాపరి
బ్యాకప్ అనగానే నాకు అనుమానం వచ్చింది. మీది ఐడీఈ డిస్కు కదా?

ఆకుపచ్చతెర
అవును, ఐడీఈ. డిస్కు నుంచి ఇంకో డిస్కుకి కాపీ అవుతుంది.

డిస్కుకాపరి
దొంగ దొరికాడు. ఆ కాలపు ఐడీఈ డిస్కు పీఐఓ పద్ధతిలో నడుస్తుంది. అంటే డేటాలో ప్రతి రెండు బైట్లనూ సీపీయూ స్వయంగా మోయాలి. లినక్స్ ఐడీఈ డ్రైవరు ఆ మోత మోస్తున్నంతసేపూ మిగతా ఇంటరప్టులన్నిటినీ మూసి పెడుతుంది. ఒకేసారి 16 సెక్టార్లు తెచ్చేలా ఉంటే 8192 బైట్లు. సెకనుకు 2 ఎంబీ వేగంతో వస్తున్నాయనుకోండి, నాలుగు మిల్లీసెకన్లు సీరియల్ కార్డు తలుపు కొడుతున్నా ఎవరూ పలకరు. పోర్టు16 గారు చెప్పిన గడువు ఒక మిల్లీసెకను. బాణం కీ నొక్కితే మూడు అక్షరాలు వెంటవెంటనే మూడు మిల్లీసెకన్లలో వచ్చేస్తాయి. మొదటి రెండూ చెరిగిపోయి చివరిదే మిగలవచ్చు, లేదా ఎస్కేప్ ఒక్కటే పోవచ్చు. మామూలుగా వేళ్ళతో కొట్టే అక్షరాలు ఎందుకు పోవట్లేదంటే, ఎంత వేగంగా కొట్టేవాళ్ళయినా సెకనుకు పది దాటడం కష్టం. అందుకే బాణం కీలకే ఈ జబ్బు.

మందు: డిస్కు అమరికలు మార్చే హెచ్‌డీపార్మ్ కమాండులో మైనస్ యూ 1 (hdparm -u1). డిస్కు పని మధ్యలో కూడా మిగతా ఇంటరప్టులను లోపలికి రానిస్తుంది.

ఒక్క హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సీఎండీ-640బీ, ఆర్‌జెడ్-1000 అనే ఐడీఈ చిప్పులు మదర్‌బోర్డు మీద ఉంటే ఈ సెట్టింగుతో డిస్కులో ఫైళ్ళే పాడయ్యే ప్రమాదం ఉంది. ముందు చిప్పు చూడండి. ముందు బ్యాకప్ తీయండి, అక్షరాలు పోతే పోనివ్వండి.

తుర్రుపిట్ట
డిస్కు వల్ల సీరియల్ పోర్టులో అక్షరాలు పోతాయని నాకు ఈ రోజే తెలిసింది. పుండు ఒకచోట, మందు ఇంకోచోట అంటే ఇదే. 38400 మాట వెనక్కి తీసుకున్నాను.

వ్యాక్స్‌రోజులు
ఈ కథ నాకు పాత స్నేహితుడిలా కనబడుతోంది. డీఈసీ కంపెనీ పాత మెషీను పీడీపీ-11 మీద కూడా సరిగ్గా ఇదే గొడవ. డీజెడ్11 అని 8 లైన్ల కార్డు ఉండేది. వచ్చే అక్షరాలకు 64 అక్షరాల సైలో (ఫైఫోకి అప్పటి పేరు) ఉండేది కానీ, అది 8 లైన్లకీ కలిపి ఒక్కటే. బయటికి పంపడానికి మాత్రం ప్రతి అక్షరానికీ ఒక ఇంటరప్ట్. డీహెచ్11 అయితే 16 లైన్లు, బయటికి పంపేది డీఎంఏ ద్వారా, అంటే సీపీయూ మోయకుండా కార్డే మెమరీ నుంచి నేరుగా తీసుకుంటుంది. లైను మొత్తం ఎక్కడుందో, ఎన్ని అక్షరాలో చెప్పి వదిలేస్తే చాలు, అన్నీ వెళ్ళాక ఒక్కసారి పిలుస్తుంది.

ఇప్పుడు మీరు మాట్లాడుకుంటున్న 454, 554, సొంత ప్రాసెసరు కార్డు... ఈ తేడాలన్నీ ఆ రెండు కార్డుల మధ్యే ఉన్నాయి. బీఎస్‌డీ యూనిక్స్ వాళ్ళు వ్యాక్స్ (పీడీపీ తర్వాత వచ్చిన డీఈసీ మెషీను) మీద డీజెడ్ కోసం డీఎంఏ ఉన్నట్టు నటించే చిన్న అసెంబ్లీ రొటీను రాశారు. ఇంటరప్ట్ ఎన్నిసార్లు వస్తుందో తగ్గించలేకపోయారు కాబట్టి, వచ్చిన ప్రతిసారీ అయ్యే ఖర్చు తగ్గించారు. అంత చక్కని పని చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

సిస్టమ్‌లోపలికి మనిషి కొట్టే అక్షరాలు చాలా తక్కువ, బయటికి పోయేవి చాలా ఎక్కువ. అందుకే డీహెచ్11 చేసినవాళ్ళు డీఎంఏని బయటికి పోయేవైపే పెట్టారు. ఆకుపచ్చతెర గారి రెండో సమస్య అటువైపుదే.

ఆకుపచ్చతెర
ఐడీఈ చిప్పు చూశాను. డిస్కుకాపరి గారు చెప్పిన రెండిటిలో ఏదీ కాదు. ధైర్యం చేసి మైనస్ యూ 1 పెట్టాను. ఈ రోజు బ్యాకప్ నడుస్తుంటే నేనే వీఐ తెరిచి బాణం కీ పట్టుకుని అరగంట కూర్చున్నాను. ఒక్క లైనూ తెరుచుకోలేదు!! ఓఈ లెక్క రెండు మూడు పోర్టుల్లో ఒకటో రెండో పెరిగింది, అంతే. డిస్కుకాపరి గారికి చాలా చాలా థాంక్స్. ఫైలు పోగొట్టుకున్నాయన కూడా చెప్పమన్నారు.

రెండో సమస్య మాత్రం అలాగే ఉంది.

పోర్టు16
సిస్టమ్ లెక్కలు చూపే వీఎంస్టాట్ కమాండుని ఒక సెకనుకోసారి వచ్చేలా పెట్టి, ఎవరూ పని చేయని వేళ ఇంటరప్టుల వరస చూడండి. మీ కెర్నల్ గడియారమే సెకనుకు 100 ఇస్తుంది. దానికి కొంచెం పైన ఉండాలి.

సిస్టమ్ ఫైవ్ యూనిక్స్ వాళ్ళయితే 'సార్' కమాండు మైనస్ వై (sar -y) వాడండి, అది ఇంకా విడమర్చి చెబుతుంది. వచ్చే ఇంటరప్టులు వేరు, పోయేవి వేరు, మోడెమ్ ఇంటరప్టులు వేరు. ఆ చివరి లెక్క సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే తీగల్లో ఏదో ఉంది.

ఆకుపచ్చతెర
రాత్రి అందరూ వెళ్ళాక చూశాను. 900 దగ్గర ఊగుతోంది. ఒక్కరు కూడా లాగిన్ అయి లేరు.

గెట్టీకాపలా
11 టెర్మినళ్ళే ఉన్నాయన్నారు. మరి 12 నుంచి 16 దాకా పోర్టుల మీద గెట్టీ (లాగిన్ అడిగే ప్రోగ్రాము) నడుస్తోందా? ఆ పోర్టులకి కేబుల్ తగిలించి, అవతలి కొస ఖాళీగా వదిలేశారా?

ఆకుపచ్చతెర
అవును. ముందు ముందు టెర్మినళ్ళు పెడదామని కేబుళ్ళు లాగి ఉంచాను. అన్నీ ఒకే కట్టలో ఉన్నాయి. గెట్టీ కూడా 16 పోర్టులకీ ఉంది.

గెట్టీకాపలా
అయితే ఆ ఖాళీ పోర్టులు వాటితో అవే మాట్లాడుకుంటున్నాయి. కొస ఖాళీగా ఉన్న తీగ, పక్క తీగలో పోయే అక్షరాల నీడను పట్టుకుంటుంది. గెట్టీ లాగిన్ అని రాస్తుంది. అదే కేబుల్‌లో ఆ రాతే తిరిగి లోపలికి చెత్తగా వస్తుంది. ఎవరో పేరు కొట్టారనుకుని గెట్టీ పాస్‌వర్డు అడుగుతుంది. ఆ ప్రశ్న మళ్ళీ లోపలికి. తప్పు పాస్‌వర్డు, మళ్ళీ లాగిన్. రాత్రంతా ఇదే సంభాషణ. నేను పని చేసినచోట ఒక ఖాళీ కేబుల్ ఇలాగే నాలుగు రోజులు కబుర్లు చెప్పింది, లాగు ఫైలు డిస్కంతా నిండాక తెలిసింది.

ఇనిట్‌ట్యాబ్ ఫైలులో ఆ ఐదు లైన్లకీ ముందు హాష్ గుర్తు పెట్టి, టెల్‌ఇనిట్ క్యూ కొట్టండి. కార్డు వైపు కేబుళ్ళు కూడా ఊడదీయండి.

ఆకుపచ్చతెర
చేశాను. 900 కాస్తా 104కి పడింది. కళ్ళు నమ్మలేకపోయాను. లాగులో వేలకొద్దీ తప్పు లాగిన్లు, అన్నీ పిచ్చి పిచ్చి అక్షరాలతో.

పగలు వాళ్ళు చెప్పేదాన్ని బట్టి తేడా తెలుస్తోంది. కానీ ఆరుగురు ఒకేసారి ఫైళ్ళు తెప్పిస్తే ఇంకా కొంచెం ఆగుతోంది.

పోర్టు16
అది 454ల పాపమే, ఇక చిప్పులు మార్చాల్సిందే. మార్చినప్పుడు ఐఆర్‌క్యూ (కార్డు వాడే ఇంటరప్ట్ లైను నంబరు) ఎంతలో పెట్టారో కూడా చూడండి.

ఆకుపచ్చతెర
3.

పోర్టు16
కార్డుకి 16 బిట్ల కొస ఉంటే, జంపరు ఒప్పుకుంటే 10కో 11కో మార్చండి. పీసీలో 8 నుంచి 15 దాకా ఉన్న లైన్లు 2వ లైను ద్వారా వస్తాయి. అందుకే వాటి మాట 3, 4 కంటే ముందు వింటారు. డిస్కు 14లో, మీ కార్డు 3లో. ఇద్దరూ ఒకేసారి పిలిస్తే డిస్కుదే ముందు పని.

ఇంకో విషయం, 16 పోర్టులూ ఒకే ఐఆర్‌క్యూ పంచుకుంటున్నాయి. ఐఎస్‌ఏలో ఇంటరప్ట్ అంటే లైను కింద నుంచి పైకి లేచిన క్షణం మాత్రమే. ఒక పోర్టు పని చూసి బయటికి వచ్చేలోపు ఇంకో పోర్టు పిలిస్తే లైను పైనే ఉండిపోతుంది, మళ్ళీ లేవదు. అప్పుడు 16 పోర్టులూ ఒకేసారి మూగబోతాయి. అందుకే డ్రైవరు అన్ని పోర్టులనూ చుట్టి, ఎవరికీ పని లేదని తేలేదాకా బయటికి రాకూడదు. లినక్స్ డ్రైవరు ఆ పని సరిగ్గానే చేస్తుంది. కానీ ఐఎస్‌ఏ మీద ఒక్కో రిజిస్టరు చదవడం సుమారు ఒక మైక్రోసెకను. ఖాళీగా ఉన్న పోర్టులను కూడా చుట్టాలి కదా. ఏ పోర్టు పిలిచిందో చెప్పే రిజిస్టరు మీ కార్డులో ఉంటే, సెట్‌సీరియల్ కమాండులో మల్టీపోర్ట్ అమరిక ఇచ్చి దాన్ని వాడుకోండి.

రాత్రిడ్యూటీ
మూడుతీగలు గారి ఆలస్యం మాటకి జవాబు ఇవ్వలేదు కదా, ఇప్పుడు ఇస్తాను. కామ్‌ట్రోల్ రాకెట్‌పోర్ట్ చూడండి. లినక్స్‌లో దాని డ్రైవరు ఇంటరప్టులే వాడదు. సెకనుకు 100 సార్లు తానే వెళ్ళి చూసి వస్తుంది. వచ్చేవైపు ఒక్కో పోర్టుకి 1024 బైట్ల ఫైఫో ఉంది. 115200 బాడ్‌లో కూడా 10 మిల్లీసెకన్లకి వచ్చేవి 115 అక్షరాలే. ఎక్కడా పొంగదు. ఆలస్యం మహా అయితే 10 మిల్లీసెకన్లు, వేళ్ళకి అది తెలియదు.

మూడుతీగలు
10 మిల్లీసెకన్లయితే నాకూ అభ్యంతరం లేదు. నా కార్డు చాలా ఎక్కువ ఆపేది. ఇంకొక్క మాట, పోయేవైపు పెద్ద బఫరు ఉన్న కార్డుల్లో ఎక్స్‌ఆఫ్ (ఇక ఆపమని టెర్మినల్ పంపే కంట్రోల్ ఎస్) సంగతి చూసుకోండి. కంట్రోల్ ఎస్‌ని కార్డే పట్టుకుని ఆగకపోతే, బఫరులో ఉన్నదంతా టెర్మినల్ మీద పడ్డాకే ఆగుతుంది. వీటీ100 లోపల 64 అక్షరాల చోటుంటుంది, 32 నిండగానే ఆగమంటుంది. 16550లో మిగిలిన 16 వచ్చి పడినా ఇంకా చోటుంటుంది. కార్డు బఫరులో 256 మిగిలి ఉంటే మాత్రం పొంగిపోతుంది.

వ్యాక్స్‌రోజులు
టెర్మినల్ సర్వరు గురించి ఎవరూ అనలేదే. టెర్మినళ్ళను నెట్‌వర్కు ద్వారా కలిపే డీఈసీసర్వర్‌లో ల్యాట్ పద్ధతి 80 మిల్లీసెకన్లకోసారి అందరి అక్షరాలూ ఒకే ప్యాకెట్‌లో కట్టి పంపేది. అంత ఆగినా జనం హాయిగానే పని చేసుకున్నారు.

మూడుతీగలు
80 మిల్లీసెకన్లతో హాయిగానా! వాళ్ళ ఓపికకి దండం.

ఆకుపచ్చతెర
16సీ554లు నాలుగు దొరికాయి. చిప్పులవేట గారు చెప్పిన పటకారుతోనే పీకాను, సాకెట్లకేమీ కాలేదు. మెషీను లేవగానే అన్ని పోర్టుల ఎదురుగా 16550ఏ అని కనబడింది. ఐఆర్‌క్యూ 11కి మార్చాను. ఆరుగురిని కూర్చోబెట్టి ఒకేసారి పెద్ద ఫైళ్ళు తెప్పించమన్నాను. ఇంకో టెర్మినల్ దగ్గర నేను టైపు చేశాను. అక్షరం వేలి కిందే పడుతోంది. వీఎంస్టాట్‌లో ఇంటరప్టులు వేలలో ఉండేవి, ఇప్పుడు వందల్లోకి వచ్చాయి.

బ్యాకప్‌లో కూడా ఓఈ ఎక్కడా కదలడం లేదు, ఒక్క 7వ పోర్టులో తప్ప.

పోర్టు16
లినక్స్ 16550ఏలో 8 అక్షరాలు చేరగానే పిలుస్తుంది. తర్వాత ఇంకో 8కి చోటుంటుంది. 9600లో అది 8 మిల్లీసెకన్ల గడువు. దానికీ మించి పోతోందంటే ఆ పోర్టుకి వస్తున్నది మనిషి వేళ్ళ నుంచి కాదు. 7కి ఏం తగిలించారు?

ఆకుపచ్చతెర
బార్‌కోడ్ స్కానర్. అక్కడి టెర్మినల్ తీసేసి ఇప్పుడు నేరుగా దాన్నే పెట్టాం. కేబుల్‌లో మూడు తీగలే ఉన్నాయి.

మూడుతీగలు
నా పేరు పెట్టి పిలిచినట్టుంది! మూడు తీగలంటే ఆర్‌టీఎస్, సీటీఎస్ (ఆగు, పంపు అని చెప్పే తీగలు) లేవు. ఆగమని చెప్పినా స్కానరుకి వినబడదు. ఆ స్కానర్ ఏ స్పీడులో ఉంది?

ఆకుపచ్చతెర
19200. దాన్ని 4800కి దించి రేపు బ్యాకప్ టైములో చూస్తాను. ఐదు తీగల కేబుల్ కూడా ఒకటి కడుతున్నాను.